దూది తెల్లగా వచ్చేదాకా

బుధవారం పొద్దున పదిన్నరకు తేజ ఆరోగ్య కేంద్రం ల్యాబ్ గదిలోకి వచ్చి, భుజాన ఉన్న సంచి దించకుండానే ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. సౌభాగ్య అప్పుడు గాజు పలక మీద రక్తపు చుక్కను రెండో పలక అంచుతో పలచగా లాగుతోంది. మధ్యలో ఆపితే పొర చెడిపోతుంది. లాగి, ఆరబెట్టి, పలక మూలన పెన్సిలుతో నంబరు రాసి, అప్పుడు కాగితం అందుకుంది.

కాగితం ఇంగ్లీషులో ఉంది. తొమ్మిది వరసల్లో తొమ్మిది నంబర్లు. ప్రతి నంబరు ఎదుట ఒకటే మాట: ఆపరేటర్ తప్పు. అడుగున ఆమె పేరు, సంతకానికి ఒక గీత.

"ఏంది సార్ గిది?"

"ఏం లేదు మేడమ్, ఫార్మాలిటీ. మీరు సంతకం పెట్టేస్తే శనివారం బాక్సు పట్టుకుని వెళ్ళిపోతాను. ఇంకో జిల్లాలో పెడతాం."

"గలతీ నాదని రాసిండ్రు."

"మీదని కాదండీ. ఆపరేటర్‌ది అని."

"ఆపరేటర్ ఎవరు సార్?"

తేజ సంచి దించాడు.

కన్నడ నేల అంచున, గిల్లేసూగూరు దారిలో ఉన్న ఆ ఆరోగ్య కేంద్రంలో పద్దెనిమిదేళ్ళుగా రక్తం తీసేదీ, చూసేదీ, రాసేదీ సౌభాగ్య ఒక్కతే. అయిదు వారాల కిందట తేజ బెంగళూరు కంపెనీ నుంచి ఆ డబ్బా తెచ్చినప్పుడు, దాన్ని నడపడం నేర్చుకున్నదీ ఆమే. డబ్బా టిఫిన్ క్యారియర్ కన్నా ఒక గిన్నె పొట్టి. గర్భిణి వేలి నుంచి ఒక చుక్క రక్తం తీసి, బొటనవేలి గోరంత ప్లాస్టిక్ బిళ్ళలో వేసి లోపలికి తోస్తే, తలసీమియా జన్యువు ఉందో లేదో నలభై నిమిషాల్లో చెబుతుంది. ఉంటే ఎర్ర దీపం, లేకపోతే ఆకుపచ్చ దీపం. తల్లికి ఉందంటే తండ్రిని పిలిచి చూడాలి. ఇద్దరికీ ఉంటేనే చిక్కు. అప్పుడు బెంగళూరులో కడుపులోని బిడ్డకు పరీక్ష చేయించాలి, అదీ అయిదో నెల దాటకముందే. ఇన్నాళ్ళూ తల్లి రక్తం సీసాలో వెళ్ళి కాగితమై తిరిగొచ్చేసరికే నెల గడిచిపోయేది.

డబ్బా ఇంకా పరీక్షలోనే ఉంది కాబట్టి ప్రతి ఒక్కరికీ రెండుసార్లు చూస్తున్నారు. వేలి రక్తం డబ్బాకు, చేతి నరం నుంచి తీసిన రక్తం, రెండు మూడు రోజుల్లో జవాబు వచ్చేలా, బెంగళూరుకు. అరవై రెండు మందికి చూశారు. డబ్బా పదకొండు మందికి ఎర్ర దీపం వెలిగించింది. బెంగళూరు ఇద్దరికే ఉందంది.

"మా ల్యాబ్‌లో మూడు వందల శాంపిళ్ళు చేశామండీ. ఒక్కటీ తప్పు రాలేదు" అన్నాడు తేజ. సింధనూరు పక్కన కోస్తా రైతులు వలస వచ్చి కట్టుకున్న క్యాంపులో పుట్టాడు కాబట్టి అతనిది కోస్తా మాటే.

"గా మూడు నూర్లు ఎవరి రక్తం సార్?"

"మాదే. స్టూడెంట్స్‌ది, స్టాఫ్‌ది."

సౌభాగ్య కాగితం మడిచి సొరుగులో పెట్టింది. "నేను దస్తఖత్ చెయ్య."

మార్చి నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు మళ్ళీ రాయాలి. అప్పుడు జిల్లా ఆఫీసులో తెరిచేది ఆమె ఫైలునే. ఈ కాగితం వెళ్ళేదీ ఆ ఫైలులోకే. ఆ సంగతి తేజకు తెలియదు. ఆమె చెప్పలేదు.

మధ్యాహ్నం రోగులు పలచబడ్డాక సౌభాగ్య రిజిస్టరు తెరిచి కూర్చుంది. ఆయా హులిగెమ్మ గోడకు ఆనుకుని జొన్నరొట్టె తింటోంది. ఆమె తల పైన క్యాలెండరు వేలాడుతోంది.

"హులిగెమ్మా, పదిహేడో తారీఖు ఏ వారం?"

హులిగెమ్మ మెడ తిప్పి చూసింది. "మంగళారం."

"ఇరవై?"

"శుక్రారం."

"ఇరవై నాలుగు?"

"మల్ల మంగళారమే. ఏందమ్మా, ముహూర్తం చూస్తున్నవా?"

సౌభాగ్య తొమ్మిది నంబర్ల తారీఖులూ అడిగింది. మంగళ, శుక్రవారాలు తప్ప ఇంకో వారం రాలేదు. ఆ రోజుల్లో ఇరవై ఒక్క మందికి చూస్తే తొమ్మిది తప్పులు. మిగిలిన రోజుల్లో నలభై ఒక్క మందికి చూస్తే ఒక్కటీ లేదు. ఆమె రెండోసారి లెక్కపెట్టింది. మూడోసారి హులిగెమ్మ చేత లెక్కపెట్టించింది.

"దేవతల దినాలు గదమ్మా" అంది హులిగెమ్మ, రొట్టె ముక్క నమిలి. "బెంగళూరు నుంచి ఒచ్చినంక దానికి ఒక టెంకాయ గూడ కొట్టలే. గందుకే అలిగింది."

సౌభాగ్య నవ్వింది. పొద్దున్నుంచి అదే మొదటి నవ్వు.

గురువారం తేజకు ఆ సంగతి చెప్పింది. అతనూ నవ్వాడు.

"మెషీన్‌కి వారాలు ఎలా తెలుస్తాయండీ?"

"నాకేమెరుక? చేసింది మీరు."

తేజ మాటలు పెంచలేదు. ఆ తొమ్మిది మందిలో దగ్గర ఊళ్ళో ఉన్న ఒకామెను పిలిపించి, తనే వేలు పొడిచి, తనే బిళ్ళ తోశాడు. నలభై నిమిషాలకు ఆకుపచ్చ దీపం వెలిగింది.

"చూశారా మేడమ్? సరిగ్గా చేస్తే సరిగ్గానే వస్తుంది."

"నేడు బేస్తారం సార్."

పక్కగదిలో డాక్టరు జయతీర్థ చీటీ రాస్తూ ఇదంతా వింటున్నాడు. అక్కడి నుంచే కన్నడం కలిపి కేకేశాడు. "నోడప్పా తేజా, ఆమె మలేరియా చుక్కలు చూడబట్టి పద్దెనిమిదేళ్ళు. నువ్వు రేపటి దాకా ఆగు. రేపు శుక్రవారం. నీ రైలు ఎల్లుండి గదా."

"రేపు కూడా నేనే చేస్తాను సార్. మేడమ్ చూస్తారు."

"ఆయ్తు. మరి ఆపరేటర్ గడిలో నీ పేరే రాయి" అన్నాడు జయతీర్థ.

శుక్రవారం పదకొండింటికి దేవిక ఆటో దిగింది. క్యాంపులో వరి పండించే వాళ్ళ కోడలు, నాలుగో నెల. డబ్బా ఉందనీ బెంగళూరు లేదనీ చెప్పిన తొమ్మిది మందిలో ఒకతె. ఆమె వెనకాల అత్త లక్ష్మీతిరుపతమ్మ దిగింది. పట్టుచీర, చేతిలో సంచి, నుదుటన రూపాయి బిళ్ళంత బొట్టు.

"తొందరగా కానివ్వండమ్మా. పక్క క్యాంపులో పేరంటం ఉంది" అంటూ గదిలోకి వచ్చి డబ్బాకు ఎదురుగా కుర్చీ లాక్కుంది. "మళ్ళీ ఎందుకు రమ్మన్నారో నాకు తెలీదు గానీ, ఆ రోజు ఎర్ర దీపం వెలిగింది. నా కళ్ళతో చూశాను. ఆడపిల్లే."

సౌభాగ్య చేతి తొడుగులు వేసుకుంటూ ఆగింది. అయిదు వారాల్లో ఈ మాట ముప్పై మంది అన్నారు. ఎరుపైతే ఆడ, ఆకుపచ్చైతే మగ. ఎవరు పుట్టించారో గానీ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగింది.

"అమ్మా, ఇది ఆడా మగా చెప్పదు. చెప్పుడు నేరం. గోడ మీద బోర్డు చూడుండ్రి."

"అది కన్నడంలో ఉంది. నాకు రాదు."

"మీరు ఈడికొచ్చి ఎన్నేండ్లాయె?"

"ముప్పై. పొలంలో కన్నడంతో పనేముందమ్మా?"

హులిగెమ్మ బకెట్టు దించి నడుం నిటారు చేసింది. "గా డబ్బకు పిల్ల గాదు పిలగాడు గాదు, బుధారమో శుక్రారమో గూడ తెల్వదంట. సార్ చెప్పిండు."

తేజ వినబడనట్టు బిళ్ళ కవరు చింపాడు.

"నాకు ముగ్గురూ మగవెధవలే" అంది లక్ష్మీతిరుపతమ్మ ఎవరూ అడక్కుండానే. "తల దువ్వి జడ వేద్దామంటే ఇంట్లో ఒక్క తల లేదు. గేదె తోకకి వెయ్యాలి. మాకు ఆడపిల్ల కావాలి. ఎర్ర దీపమే వెలగనివ్వండి బాబూ."

దేవిక తల వంచుకుని నవ్వు ఆపుకుంటోంది.

తేజ దేవిక ఎడమ చేతి ఉంగరపు వేలు పట్టుకున్నాడు. స్పిరిట్ దూదితో గోటి నుంచి కణుపు దాకా తుడిచాడు. దూది పసుపురంగుకు వచ్చింది. దాన్ని బుట్టలో పడేశాడు. పద్దెనిమిదేళ్ళుగా సౌభాగ్య కూడా అలాగే పడేస్తోంది. స్పిరిట్ ఆరేదాకా ఆగాడు. సూదితో వేలి పక్కగా పొడిచాడు. మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్కను బిళ్ళ అంచుకు తాకించాడు. చుక్క తనంతట తనే లోపలికి జారింది. సౌభాగ్య ప్రతి కదలికా చూసింది. తప్పు కనబడలేదు. కుర్రాడి చెయ్యి మంచిదనుకుంది.

నలభై నిమిషాల్లో లక్ష్మీతిరుపతమ్మ ముగ్గురు కొడుకుల అల్లరీ చెప్పింది. మూడోవాడు కాలువలో దూకి చెప్పు కోసం ఈదిన సంగతి దగ్గరికి వచ్చేసరికి దీపం వెలిగింది.

ఎరుపు.

"చెప్పానా!" అని లక్ష్మీతిరుపతమ్మ రెండు చేతులూ చరిచింది.

తేజ ఫారం తీసి నంబరు రాశాడు. ఆపరేటర్ గడిలో తన పేరు రాశాడు. కారణం గడి దగ్గర పెన్ను ఆగింది.

"లోపల లైటు కొంచెం పక్కకి జరిగి ఉంటుందండీ. మెషీన్ విప్పి చూడాలి."

సౌభాగ్య వాడేసిన సూదిని సూదుల సీసాలో వేస్తోంది. అటు తిరగకుండానే అంది. "నేను చేస్తే నా గలతీ. మీరు చేస్తే మిషిన్ గలతీనా సార్?"

తేజ చెవులు ఎర్రబడ్డాయి. సంచిలోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

అతను మూత విప్పుతుండగా కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ఎండ తగిలితే లోపలి అద్దం పాడవుతుందని కిటికీ తెర ముందే లాగి ఉంచారు. గదిలో చీకటి పడింది. డబ్బా బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. విప్పిన మూతలోంచి నీలం వెలుగు బల్ల మీద పడింది. ఆ వెలుగే లోపల చుక్క మీద పడుతుంది. జన్యువు దొరికితే చుక్క మెరుస్తుంది. ఆ మెరుపును చూసే డబ్బా ఎర్ర దీపం వేస్తుంది.

లోపల ఏముందో చూద్దామని దేవిక ముందుకు వంగి, బల్ల అంచు మీద చెయ్యి ఆనించింది. వెలుగులో ఆమె గోళ్ళ చుట్టూ సన్నగా గీతలు మెరిశాయి.

"చెయ్యి తియ్యొద్దమ్మా" అంది సౌభాగ్య.

ఆమె తన చేతి తొడుగు లాగేసి, చెయ్యి దేవిక చెయ్యి పక్కన పెట్టింది. తన గోళ్ళ చుట్టూ కూడా అదే మెరుపు. పొద్దున ఏడింటికి గడపకు పసుపు రాసి, మిగిలింది కాళ్ళకు రాసుకుని బస్సెక్కింది.

"హులిగెమ్మా, నీ చెయ్యి పెట్టు."

"నాదెందుకమ్మా?" అంటూనే పెట్టింది. ఏమీ మెరవలేదు. పొద్దున్నుంచి ఫినాయిల్ నీళ్ళతో నేల తుడుస్తున్న చెయ్యి అది.

"అమ్మా, మీది."

లక్ష్మీతిరుపతమ్మ అరచెయ్యి వెలుగులో పెట్టింది. వేళ్ళు, మణికట్టు, గాజుల సందులు అన్నీ వెలిగిపోయాయి. ఆమె కెవ్వుమని చెయ్యి లాక్కుంది. "అమ్మో, నాకేమైందమ్మా!"

"ఏం గాలే. పసుపు."

తేజ స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేశాడు. తనకు తానే చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "నీళ్ళలో కరగదు. స్పిరిట్‌లో కరుగుతుంది. మనం తుడిచేకొద్దీ అది వేలంతా పరుచుకుని రక్తంలో కలుస్తోంది." సౌభాగ్య వైపు తిరిగాడు. "మా మూడు వందల మందిలో ఒక్కరి వేలికీ పసుపు లేదు మేడమ్."

"మాకు మంగళారం శుక్రారం ఉంటది" అంది సౌభాగ్య. "నిజమో కాదో చూద్దాం ఉండుండ్రి. అమ్మా, పేరంటానికని సంచిల పసుపు పెట్టుకున్నరా?"

లక్ష్మీతిరుపతమ్మ సంచిలోంచి పొట్లం తీసి ఇచ్చింది. సౌభాగ్య చిటికెడు పసుపును స్పిరిట్‌లో కలిపి, అందులో చుక్క నీళ్ళు పోసి, దూదితో వడగట్టి, రక్తం లేకుండా బిళ్ళలో వేసింది. తేజ మూత బిగించి బిళ్ళ తోశాడు. జయతీర్థ కూడా చీటీలు వదిలి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఈసారి నలభై నిమిషాలూ మూడో కొడుకు చెప్పు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఎర్ర దీపం వెలిగింది.

హులిగెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పసుపుకు గూడ ఆడపిల్లేనంటమ్మా!"

అందరికన్నా ముందు జయతీర్థ నవ్వాడు. తరవాత తేజ. నవ్వుతూ కుర్చీలో కూలబడ్డాడు.

సౌభాగ్య దేవికను వెనకాల కొళాయి దగ్గరికి తీసుకెళ్ళి సబ్బు ఇచ్చింది. రుద్దేకొద్దీ నురుగు ఎర్రబడింది. వెంట వచ్చిన లక్ష్మీతిరుపతమ్మ వంగి చూసింది.

"ఎరుపు! ఇక్కడా ఎరుపే!"

"అత్తయ్యా, పసుపుకి సబ్బు తగిలితే అంతే. చీర ఉతికినప్పుడు చూళ్ళేదా?"

రెండుసార్లు కడిగాక సౌభాగ్య స్పిరిట్ దూదితో తుడిచింది. దూది పసుపు. పడేసి ఇంకోటి తీసింది. అంచున కాస్త. మూడోది తెల్లగా వచ్చింది. ఈసారి కుడి చేతి వేలు పొడవాల్సి వచ్చినందుకు దేవికకు బిస్కెట్లు ఇచ్చి కూర్చోబెట్టింది. మధ్యాహ్నం రెండు దాటాక ఆకుపచ్చ దీపం వెలిగింది.

లక్ష్మీతిరుపతమ్మ ముఖం వాడింది. "అదేంటమ్మా, చేతులు కడిగితే పిల్లాడైపోయాడా?"

శనివారం పొద్దున తేజ ఫారంతో వచ్చాడు. పది వరసలు. తొమ్మిదింటి ఎదుట ముందు రాసిన మాటే ఉంది. పదో వరసలో ఆపరేటర్ తేజ, కారణం గడిలో అదే మాట: ఆపరేటర్ తప్పు. పక్కన అతని సంతకం.

"మీకు రాసిందే నాకూ రాసుకున్నాను మేడమ్. ఇప్పుడు సమానం. ఈ ఫారం నా బాసుకి వెళుతుంది. మీ ఒక్కరి మీదే వేశారని ఎవరూ అనరు."

సౌభాగ్య కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివింది. పెన్ను అడిగి తీసుకుంది. పదో వరస దగ్గర ఆ రెండు మాటల మీద అడ్డంగా గీత గీసింది.

"ఇది గూడ నేను ఒప్పుకోను సార్."

"నేను చేసిందే కదండీ..."

"మీ చెయ్యి నేను చూసిన. తుడవాల్సినట్ల తుడిచిండ్రు, పొడవాల్సినట్ల పొడిచిండ్రు. గలతీ లేనిదానికి దస్తఖత్ ఎట్ల చేస్తరు?"

తేజ పెన్ను తీసుకుని, పై నుంచి ఒక్కో వరసా కొట్టేసుకుంటూ వచ్చాడు. తొమ్మిదీ అయ్యాక అడిగాడు.

"కారణం గడి ఖాళీగా వదలకూడదు. ఏం రాద్దామండీ?"

"పసుపు అని రాయిండ్రి. మీ బెంగళూరోళ్ళకు తెలిసేటట్ల."

అతను రాశాడు. పది వరసలకూ కలిపి పక్కన ఒక పెద్ద బ్రాకెట్టు వేసి ఒకేసారి రాశాడు. దాని కింద ఇంకో వాక్యం చేర్చాడు: ఇది మెషీన్ తయారు చేసేటప్పుడే మేము చూసుకోవాల్సింది, కనిపెట్టింది ఆపరేటర్. 'ఆపరేటర్' కొట్టేసి 'సౌభాగ్య' అని రాశాడు.

ఆమె రెండుసార్లు చదివి కన్నడ లిపిలో సంతకం పెట్టింది.

"బాక్సు తీసుకపోతున్నరా సార్?"

"ఎక్కడికండీ? ఇంకో జిల్లాలో మళ్ళీ శుక్రవారం రాదా?"

మంగళవారం పదిన్నరకు పదకొండు మంది వచ్చారు. కొళాయి పైన గోడకు తేజ ఒక కాగితం అంటించి వెళ్ళాడు. తెలుగులో, కన్నడంలో: సబ్బుతో కడగాలి. దూది తెల్లగా వచ్చేదాకా తుడవాలి. ఆ తరవాతే సూది.

లక్ష్మీతిరుపతమ్మకు ఆ రోజు పని లేదు. అయినా పక్కింటి కోడల్ని వెంటబెట్టుకుని వచ్చి కొళాయి దగ్గర నిలబడింది. కడుగుతున్న ప్రతి చెయ్యీ వంగి చూస్తోంది.

"నీది అంత ఎరుపు రాలేదమ్మాయ్. ఇంకా రుద్దు. ఎంత ఎరుపొస్తే అంత గట్టిగా ఆడపిల్ల."

వరసలో ఉన్నవాళ్ళు పంతానికి పోయి రుద్దుతున్నారు. గోళ్ళ సందుల్లో, గాజుల కింద, మోచేతుల దాకా. సిమెంటు గచ్చు మీద ఎర్ర నురుగు పారుతోంది.

"అమ్మా, మళ్ళ మొదలుపెట్టిండ్రా? గట్ల చెప్పకుండ్రి. తప్పు" అంటూ సౌభాగ్య గుమ్మంలోకి వచ్చింది.

హులిగెమ్మ ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "నీ బోర్డు మాట మల్ల చెప్దువుగానమ్మా. ముందుగాల రుద్దనియ్యి. నేను చెప్తే గింత మంచిగ రుద్దుతరా?"

సౌభాగ్య ఏదో అనబోయి నవ్వేసింది. లోపలికి వచ్చి కూర్చుని మొదటి నంబరు పిలిచింది. వచ్చిన అమ్మాయి చెయ్యి చాపింది. సౌభాగ్య దూదితో గోటి నుంచి కణుపు దాకా తుడిచి, దూదిని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని చూసింది.

తెల్లగా ఉంది. సూది తీసింది.